ఒళ్లో చాట, పక్కలో బిడ్డ

తెలంగాణలో ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని సంపాదించడం ల్యాప్‌టాప్‌తో మొదలు కాలేదు. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో తరాలుగా వాకిట్లో, అరుగు మీద బీడీలు చుట్టిన చేతులున్నాయి. అలాంటి ఒక మేనత్తకూ, హైదరాబాద్‌లో ఇంటి నుంచే అనువాదాలు, సినిమాలకు సబ్‌టైటిళ్లు చేసే ఆమె మేనకోడలికీ మధ్య సాగిన వాదన ఇది. మేనకోడలికి మూడేళ్ల కూతురు. పాప కోసమే ఆఫీసు మానేసి ఫ్రీలాన్స్‌లోకి వచ్చింది. బతుకంతా ఇంట్లోనే పని చేసిన అత్త ఈ నిర్ణయాన్ని మెచ్చుకుంటుందని నేననుకున్నాను. కానీ ఆమె దీనికి గట్టి వ్యతిరేకి. ఆమె కారణాలు వినదగ్గవి. మేనకోడలి జవాబులూ అంతే.

మేనకోడలు: వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నా అత్తా. నేను టేబుల్ ముందు కూర్చుంటే చాలు, నీ మొహం మాడిపోతోంది. ఏమిటో చెప్పు.

మేనత్త: ఏమైతది బిడ్డా. నువ్వు పని చేస్తున్నవా, పిల్లను చూస్తున్నవా, నాకు సమజయితలేదు.

మేనకోడలు: రెండూ చేస్తున్నా. అందుకే కదా ఉద్యోగం మానింది. మియాపూర్ నుంచి గచ్చిబౌలి పోయి రావడానికి రోడ్డు మీదే రెండు మూడు గంటలు పోయేవి. ఇప్పుడు ఆ గంటలు నావి. ఏ పని ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో నా ఇష్టం. పాప కొత్తగా ఏం నేర్చుకున్నా నేనే ముందు చూస్తున్నా. ఆఫీసులో ఉంటే ఆయమ్మ చెప్తే వినేదాన్ని.

మేనత్త: ఆ గంటలు నీవే అయితే, రాత్రి పన్నెండు దాటినా ఎందుకు కూసుంటున్నవు?

మేనకోడలు: అది పడుకున్నాకే కదా నిశ్శబ్దం. సబ్‌టైటిల్ అంటే ఒక్కో డైలాగు నాలుగైదు సార్లు వినాలి. మనిషి గబగబా మాట్లాడేస్తాడు, దాన్ని రెండు వరుసల్లో ఇమడ్చాలి, చూసేవాళ్లు చదివేలోపు మాయమవకూడదు. సరిగ్గా కుదిరే సమయానికి ‘అమ్మా, నీళ్లు’ అందంటే కుదిరిన మాట కాస్తా పోతుంది. అందుకే మధ్యాహ్నం అది నిద్రపోయినప్పుడు కొంత, రాత్రి మిగిలింది.

మేనత్త: అంటే పిల్ల నిద్ర నీ డ్యూటీ. పగటి నిద్ర ఇంకెన్నాళ్లు పోతది? పెద్దగైతుంటె మానేస్తరు.

మేనకోడలు: మానేసినా ఫర్వాలేదు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తొమ్మిదికి పడుకోబెడితే రాత్రి నాకు చాలినంత మిగులుతుంది.

మేనత్త: పిల్లకెంత నిద్ర కావాల్నో పుస్తకం చూసి చెప్తవు. నీకెంత కావాలె? రోడ్డు మీద పోయే మూడు గంటలు మిగిలినయంటున్నవు గని, రాత్రి నిద్రల నుంచి మూడు గంటలు తీసిస్తున్నవు. నీకేం మిగిలినట్టు?

మేనకోడలు: పాపతో ఉండటం మిగిలింది. అది చిన్నదేం కాదు.

మేనత్త: చిన్నదని నేనన్లే. నేను చెప్పేది విను. మాకు కార్ఖాన నుంచి ఆకు, తంబాకు, దారం ఇచ్చేటోళ్లు. ఆకు రాత్రే తడిపి పెట్టుకోవాలె, పొద్దున కత్తిరించాలె. వంట మీద ఒక కన్ను, చాట మీద ఒక కన్ను. ఒళ్లో చాట, పక్కల పిల్లగాడు. ఎవ్వరన్న అడిగితె ‘ఇంటికాడనే ఉంటది, ఊకెనే నాలుగు బీడీలు చేసుకుంటది’ అనేటోళ్లు. పొద్దంత చేసినా అది పని కింద లెక్కకు రాకపోయేది. పిల్లలను చూసినా చూసినట్టు లెక్క కాకపోయేది. రెండు దిక్కుల నుంచి నష్టమే.

మేనకోడలు: మీకూ నాకూ పోలికేంటత్తా? సేటు ఇచ్చిన ఆకు మీరు వద్దనలేరు. నేను వద్దంటా. మీకు ఒకే కార్ఖానా, నాకు నలుగురైదుగురు క్లయింట్లు. నా చదువుకు, నా భాషకు ధర ఉంది.

మేనత్త: ఈ మధ్య ఎప్పుడన్న వద్దన్నవా?

మేనకోడలు: ...ఒకసారి వద్దంటే మళ్లీ పిలవరేమోనని ఉంటుంది. అది నిజమే. కానీ అనగలను.

మేనత్త: అనగలవు, గని అనవు. మాకు వెయ్యికింత. నీకేంది లెక్క?

మేనకోడలు: అనువాదమైతే మాటకింత, సబ్‌టైటిలైతే నిమిషానికింత. నేను పని చేసిన నిమిషం కాదు, సినిమా నిమిషం.

మేనత్త: గట్లనే ఉంటది. మా బీడీలల్ల మంచిగ లేవని తీసేసేటోళ్లు, ఆకు తక్కువబడితె మా మీదనే వేసేటోళ్లు. తీసేసిన దానికి పైసలు రాకపోయేటియి, చేసిన కష్టం పోయేది. నీకు అట్ల లేదా?

మేనకోడలు: సవరణలంటారు. ఒప్పుకున్నదానికంటే రెండు మూడు విడతలు ఎక్కువ చేయించుకుంటారు. వాటికి విడిగా డబ్బు అడగాలని తెలుసు, అడగటం మొదలుపెట్టా. అడ్వాన్స్ కూడా కొందరిస్తున్నారు. నేను నేర్చుకుంటున్నా అత్తా, నువ్వనుకున్నంత అమాయకురాలిని కాను.

మేనత్త: అమాయకురాలివి కావు, అలిసిపోయినవు. పీసు లెక్క పని ఇంట్ల కూసుంటె అది ఇంట్లున్న వాళ్లందరిని పనిలకు గుంజుతది. నా పెద్దబిడ్డ ఎనిమిదేండ్లకే బీడీ మూతి మడిచింది. ఎందుకంటె వెయ్యి పూర్తి కావాలె. నేను కొట్టి చేయించలే, అదే వచ్చి కూసున్నది, నేను వద్దన్లే. ఆ సంగతి ఇప్పటికీ నాకు గుచ్చుకుంటది.

మేనకోడలు: నా పాపను నేను పనిలోకి లాగట్లేదు.

మేనత్త: దాని చేతుల ఫోన్ పెడుతున్నవు కదా. నీకు గంటసేపు నిశ్శబ్దం కావాలె, అది ఊకె కూసుంటెనే నీకు పని నడుస్తది. అది ఊకె కూసునుడు గూడ నీ పనిల భాగమే.

ఇక్కడ మేనకోడలు చాలాసేపు మాట్లాడలేదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు రోజుకు గంట దాటకూడదని కూడా అదే ఆరోగ్య సంస్థ అదే ఏడాది చెప్పింది. నిద్ర లెక్క గుర్తున్న మనిషికి ఆ లెక్కా గుర్తుండే ఉంటుంది. దీనికి ఆమె ఒక్కదాన్నే తప్పుపట్టలేం. ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల మనసు పెట్టి ఉండాలంటే ఏదో ఒక చోట ఇంకేదో వచ్చి నిలబడాలి. ఇంట్లో రెండో మనిషి లేకపోతే ఫోనే నిలబడుతుంది.

మేనకోడలు: సరే, ఫోన్ సంగతి ఒప్పుకుంటా. కానీ పిల్లల పక్కన పని చేయడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను. మన తాతమ్మలు నాట్లేస్తూ, కలుపు తీస్తూ గట్టు మీద చెట్టుకు ఉయ్యాల కట్టి పిల్లల్ని పెంచారు. పిల్లతో ప్రతి నిమిషం తల్లి ఆడాలి, చదివించాలి అన్నది ఈ మధ్య వచ్చిన పద్ధతి. అమ్మకు ఒక పని ఉంది, ఆ పని అంటే అమ్మకు ఇష్టం అని చూస్తూ పెరగడం దానికి మంచిదే. దానికి విసుగు పుడితే పుట్టనీ. విసుగులోంచే ఆటలు పుడతాయి.

మేనత్త: గట్టు మీద ఉయ్యాల కట్టినప్పుడు చేన్ల పదిమంది ఉండె. ఒకామె పాలిస్తె ఇంకొకామె సాలు పట్టేది. ఊర్ల వాడ మొత్తం పిల్లల మీద కన్నేసి ఉంచేది. బీడీలు చుట్టేటప్పుడు సుత నలుగురం ఒక్క అరుగు మీద కూసునేటోళ్లం, ఎవ్వరి పిల్ల మోరీ దిక్కు పోయినా ఎవ్వరో ఒకరు గుంజుకొచ్చేది. నీకెవ్వరున్నరు? నాలుగో అంతస్తు, తలుపుకు గడియ. నువ్వు, అది, గా డబ్బ.

మేనకోడలు: అందుకేగా పక్క ఫ్లాట్లో కూడా ఒక తల్లి ఉందేమోనని చూస్తుంటా. ఉంది. పలకరించడానికి ఇద్దరికీ తీరదు.

మేనత్త: అంగన్‌వాడికి పంపుతవా అంటె మొహం అట్ల పెట్టినవు మొన్న.

మేనకోడలు: ఎందుకు పెట్టానో చెప్తా విను. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీ ఉంది, 1975 నుంచి ఉంది, పల్లెల్లో ఎందరినో కాపాడింది. కానీ మా పేటలో అది ఒక ఇరుకు గది. ప్రైవేటు డేకేర్‌కు నా సంపాదనలో పెద్ద ముక్క పోతుంది. ‘నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, డబ్బు తగలేయడం ఎందుకు’ అని ఇంట్లో అడుగుతారు. దానికి జవాబు నా దగ్గర లేదు.

మేనత్త: ఇంట్ల ఉంటదని కాదు, పని చేస్తదని చెప్పు. ఆఫీసుకు పోతె డేకేర్ ఖర్చు న్యాయం, ఇంట్ల చేస్తె దుబారా. గిదేం న్యాయం?

మేనకోడలు: చట్టం కూడా ఇలాగే అనుకుంటుందత్తా. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలన్నారు. నాకు యజమాని లేడు కాబట్టి ఈ రెండూ లేవు. ఈ పాప పుట్టినప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నా, సెలవు దొరికింది. ఇప్పుడు ఇంకొకరు పుడితే నాకు ఒక్క రోజు కూడా రాదు.

మేనత్త: మాకుండె.

మేనకోడలు: ఇంట్లో చుట్టేవాళ్లకా?

మేనత్త: ఇంట్ల చుట్టేటోళ్లకు సుత. బీడీ చట్టం 1966ది. యూనియనోళ్లు చదివి చెప్పేటోళ్లు. కాన్పు పైసలు అడగొచ్చని అందులనే ఉండె. పీఎఫ్ కార్డు ఉండె. పేరు ఎక్కినోళ్లకే, అది వేరే కొట్లాట. ఒక్క కార్డు మీద ఇద్దరు ముగ్గురు చేసే ఇండ్లు మస్తు. గని కాయిదంల ఇంటి పని అని రాసి ఉండె. 2015ల సర్కారు బీడీ కార్మికులకు పింఛన్ పెట్టింది, నాకొస్తది. అందుకని అంటున్న, నీ పని నా పని కన్న పెద్దదే కావచ్చు. నాకున్నంత దిక్కు నీకు లేదు.

ఈ మాటను నేను తర్వాత చట్టంలో వెతికి చూశాను, అత్త చెప్పింది నిజమే. ఇంట్లో చేసే పనిని చట్టం చూడలేదని, లెక్కపెట్టలేదని మనం అనుకుంటాం. కానీ 1966లోనే బీడీ చట్టం ఇంటి దగ్గరే బీడీలు చుట్టేవారిని కార్మికులుగా పేర్కొని, ప్రసూతి చట్టాన్ని వాళ్లకూ వర్తింపజేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 177వ ఒడంబడికను 1996లో తెచ్చింది, భారత్ దాన్ని ఆమోదించలేదు. 2020 సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికులను పేరుపెట్టి గుర్తించినా, 26 వారాల జీతం మాత్రం ఉద్యోగినికే. చదువుకుని ఇంటి నుంచి పని చేసే ఆడవాళ్లు తమను కార్మికులుగా అనుకోకపోవడం కూడా ఇందుకు ఒక కారణమని నా నమ్మకం. బీడీ కార్మికురాలికి ఆ సందేహం ఎన్నడూ లేదు.

మేనకోడలు: నువ్వు చెప్పేదంతా వింటుంటే నేను ఏదో మోసపోయినట్టు ఉంది. నేను మోసపోలేదత్తా. ఉద్యోగంలో నన్ను ఎవరూ రాయమనలేదు, ఫైళ్లు కదపమన్నారు. ఇప్పుడు ఒక మలయాళ సినిమా తెలుగువాళ్లకు అర్థమయ్యిందంటే అందులో నా చెయ్యి ఉంది. ఆ సంతోషం వదులుకోను.

మేనత్త: వదులుకొమ్మని ఎవరన్నరు? పని ఉంచుకో. పిల్లను చూసే గంటలను పని గంటలల్ల కలుపకు అంటున్న. గా గంటలకు ఇంకో మనిషి కావాలె. పైసలిచ్చి పెట్టుకుంటవో, ఇంట్లోళ్లు పంచుకుంటరో నీ ఇష్టం. ఈ లెక్కల అల్లుడు యాడున్నడు?

మేనకోడలు: ఆయనకు ఆఫీసు...

మేనత్త: నీకు లేదా?

మేనకోడలు: ఉంది. సాయంత్రం వచ్చాక ఆడిస్తాడు, స్నానం చేయిస్తాడు. మిగతావాళ్ల ఇళ్లతో పోలిస్తే...

మేనత్త: మిగతావాళ్ల ఇండ్ల ముచ్చట ఇడువు.

మేనకోడలు: దేశం లెక్కే చెప్తా. 2019 సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్లు 97 పెట్టారు. 2024లో మళ్లీ చూస్తే 289, 88. అదీ చేసే మగవాళ్ల సగటే, అసలు చేయనివాళ్లు ఆ లెక్కలో లేరు.

మేనత్త: అంటె అయిదేండ్లల్ల మొగోళ్లది పెరగలే, తగ్గింది.

మేనకోడలు: తగ్గింది. ఆడవాళ్లదీ పది నిమిషాలు తగ్గింది.

మేనత్త: ఆ పది నిమిషాలు మిక్సీ తగ్గించిందో వాషింగ్ మిషన్ తగ్గించిందో, అల్లుడైతె తగ్గించలే. ఆయన ఆడిస్తడంటున్నవు. ఆడించుడు మంచిదే. పిల్లకు చెప్పులు చిన్నగైనయని ఎవరికి యాదికుంటది? టీకా తారీఖు ఎవరికి యాదికుంటది? పాలు ఇరిగినయని ఎవరు చూస్తరు? నువ్వు సినిమా నిమిషం మీద కూసున్నప్పుడు సుత నీ తలకాయల ఇవన్ని తిరుగుతనే ఉంటయి. పంచుకోవాలంటె గవి పంచుకోవాలె.

మేనకోడలు: ఇది నిజం. చేసేటప్పుడు కంటే గుర్తుపెట్టుకునేటప్పుడే ఎక్కువ అలసట. కానీ అత్తా, డేకేర్ వచ్చి, ఆయన పంచుకుని, పని గంటలు కుదిరినా ఇంకొకటి మిగులుతుంది. నాకంటూ ఒక సమయం. పనికి కాదు, పాపకు కాదు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే...’ అని ఒక కథ ఉంది, ఇల్లు అలికి అలికి ఒకామె తన పేరే మరిచిపోతుంది. కాలేజీలో చదివినప్పుడు అతిశయోక్తి అనుకున్నా. ఇప్పుడు అనుకోవట్లేదు.

మేనత్త: మాకు బతుకమ్మ ఉండె. పొద్దూకంగనె చాట పక్కకు పెట్టేటోళ్లం. తొమ్మిది దినాలు. సేటు ఏమనకపోయేది, మొగుడు ఏమనకపోయేది, అత్త గూడ పూలు తెంపుకొచ్చేది. ఎందుకంటె నేనొక్కదాన్నే చాట పక్కకు పెట్టలే, ఊరంత పెట్టింది. నువ్వొక్కదానివి ‘ఈ గంట నాది’ అంటె దాన్ని అందరు తింటరు. అందరు కలిసి నిలబెట్టిన గంటను ఎవ్వరు ముట్టరు.

మేనకోడలు: బాగుంది. కానీ బతుకమ్మ కూడా పదిమందితోనే. నేనడిగేది వేరు. ఎవరికీ తల్లిని, కోడలిని, అనువాదకురాలిని కాకుండా, ఒక్కదాన్నే ఉండాలి. పాట పాడాలనీ లేదు, పూలు పేర్చాలనీ లేదు.

మేనత్త: ఒక్కదానివే ఉండి ఏం చేస్తవు?

మేనకోడలు: ఏమీ చెయ్యను. లేదా చదువుకుంటా. ఎవరూ డబ్బివ్వని పుస్తకం.

మేనత్త: నాకు సమజ్ కాదు బిడ్డా. నేను ఒక్కదాన్ని ఉన్ననంటె ఇంట్ల ఏదో కీడు జరిగినట్టే. మనిషి మనుషుల నడుమ ఉంటెనే మనసు నిమ్మళంగ ఉంటది.

మేనకోడలు: నీకు సమజ్ కాకపోయినా నాకు కావాలి.

ఈ ఒక్క విషయంలో ఇద్దరినీ కలపాలని నేను చూడను. కలిసి దక్కించుకునే తీరిక ఒకటి, ఒంటరిగా ఉండే తీరిక ఒకటి. మొదటిదానికి మన ఆచారంలో చోటుంది. రెండోదాన్ని అడిగే ఆడమనిషికి మన ఇళ్లలో ఇంకా కారణం చెప్పుకోవలసి వస్తుంది. అయితే అత్త మాటలో ఒకటి నేను పట్టుకున్నాను. ఒంటరి సమయాన్ని కూడా ఒక్కతే కాపాడుకోలేదు. ఎవరో ఒకరు ఆ సమయానికి పాపను ఎత్తుకుని ఉండాలి, చేసే పని రేటు ఆ సమయానికయ్యే ఖర్చు మోయాలి.

మేనకోడలు: సరే, ఒక లెక్క చెప్తా. వచ్చే నెల నుంచి పదింటి నుంచి ఒంటిగంట వరకు డేకేర్. ఆ ఖర్చు కలిపి రేటు పెంచుతా. పది శాతం టీడీఎస్ కోత ఎట్లాగూ ఉంది, బిల్లు చేతికి రావడానికి రెండు నెలలు పడుతోంది. చిన్న సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 చట్టం ఉంది. ఇన్నాళ్లూ బద్ధకించా, అదీ చేస్తా. రాత్రి పని మానేస్తానని మాటివ్వను. తగ్గిస్తా.

మేనత్త: రేటు పెంచితె పోయే గిరాకి ఉంటది.

మేనకోడలు: ఉంటుంది. ఒకరిద్దరు పోతారు. భయమే. కానీ రాత్రి రెండింటి వరకు చేస్తే వచ్చే డబ్బులో పోయిన నిద్ర ఖరీదు లేదని నువ్వే చూపించావు.

మేనత్త: డేకేర్‌ల ఉన్న మూడు గంటలల్ల వంట చేస్తవు నువ్వు. నాకెరుకే.

మేనకోడలు: చెయ్యను. వంట పొద్దున్నే ఇద్దరం చేస్తాం. ఆయనతో ఇవాళే మాట్లాడతా. టీకాల కార్డు, చెప్పులు, పాలు ఆయనకు అప్పగిస్తా. గుర్తు చెయ్యను.

మేనత్త: మరిచిపోతడు.

మేనకోడలు: ఒకటి రెండుసార్లు మరిచిపోతాడు, నేర్చుకుంటాడు. నేనూ పుట్టగానే నేర్చుకుని రాలేదు కదా. ఇక శనివారం పొద్దున నేను చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి పోతా. ఒక్కదాన్నే. మధ్యాహ్నానికి వస్తా.

మేనత్త: ఫోన్ తీస్కపోతవా?

మేనకోడలు: తీసుకుపోతా. క్లయింట్ల మెసేజీలు ఆపేస్తా.

మేనత్త: అల్లునివి?

మేనకోడలు: పప్పు డబ్బా ఎక్కడుంది అనేవి చూడను. పాపకు జ్వరం వచ్చిందంటే మాత్రం వచ్చేస్తా.

మేనత్త: జ్వరమొస్తె ఆయన దవాఖానకు తీస్కపోతె ఏమైతది?

మేనకోడలు: తీసుకుపోతాడు అత్తా. నేనూ పోతా. ఇద్దరం ఉంటాం అక్కడ.